గోరుమందం తోలు

సిల్వేన్ తిసియే కూర్చుని తిండి తినడం నేనెప్పుడూ చూడలేదు. ఒకే చోట పందొమ్మిదేళ్లు పనిచేశాం. అతను పాలరాయి చెక్కేవాడు, నేను, క్లోవిస్‌ని, ప్లాస్టర్ అచ్చులు పోసేవాణ్ణి. మధ్యాహ్నం గంట కొట్టగానే మేమందరం పరంజా చెక్కల మీద కూలబడి రొట్టె విరుచుకుంటుంటే, సిల్వేన్ మాత్రం క్యాబేజీ సూపు గిన్నె చేత్తో పట్టుకుని గుమ్మం నుంచి కిటికీకి, కిటికీ నుంచి గుమ్మానికి తిరుగుతూ తాగేవాడు.

"కూర్చోరా నాయనా, నువ్వు తిరుగుతుంటే నా కడుపులో సూపు కూడా తిరుగుతోంది" అనేవాడు ఇపొలిత్. అయిదుగురు పిల్లల తండ్రి, మా అందరిలోకీ పెద్ద నోరు.

"నువ్వు కళ్లు మూసుకుని తాగు."

"కళ్లు మూసుకుంటే నా గిన్నెలో మాంసం ముక్క నీ గిన్నెలోకి పోతుంది."

"మాంసం ముక్కా? నీ గిన్నెలోనా? ఎప్పట్నుంచీ?"

ఇలా ఉండేది. నవ్వేవాడు, నవ్వుతూనే తిరిగేవాడు. పారిస్‌లో అతను మారిన గదులు పదకొండు. ఒక గదిలో గోడ వంకర అన్నాడు. ఇంకో గదిలో మెట్లన్నీ ఒక ఎత్తున లేవన్నాడు. అతని భార్య యులాలీ వీటిలో ఏదీ నమ్మేది కాదు. "గోడలు వంకరేం కాదు, ఈయన లోపల ఏదో గుచ్చుకుంటోంది. అది ఎక్కడుందో ఈయనకే తెలీదు" అనేది. బట్టల చావిట్లో ఇస్త్రీ చేసే మనిషి. మాట కూడా ఇస్త్రీ పెట్టె అంత వేడి.

అది ఎక్కడుందో నాకు తెలుసు. చెప్పాలంటే ముందు మా పని సంగతి చెప్పాలి.

శిల్పి అని పేరున్న పెద్దమనిషి బంకమన్నుతో బొమ్మ చేస్తాడు. దాన్ని నేను ప్లాస్టర్‌లో పోస్తాను. ఆ ప్లాస్టర్ బొమ్మ మీద వందల చోట్ల పెన్సిలు చుక్కలు పెట్టి, ఇత్తడి చేతులూ సూదీ ఉన్న కొలత పరికరంతో ఒక్కో చుక్క లోతూ కొలిచి, పాలరాతి దిమ్మలో అంతే లోతుకి బర్మాతో రంధ్రం వేసి, రంధ్రాల మధ్య రాయిని ఉలితో తీసుకుంటూ పోయేవాడు సిల్వేన్. ఆరు నెలలు, ఎనిమిది నెలలు. పారిస్‌లో ఏ పాలరాతి బొమ్మయినా ఇలాగే పుడుతుంది. దాని కింద పేరున్న మనిషి రాయి దుమ్ము పీల్చడు. దుమ్ము మా ఊపిరితిత్తుల్లోకి, పేరు ఆయన ఖాతాలోకి.

అయితే ఒక ఆచారం ఉంది. చెక్కేవాడు చివరిదాకా వెళ్లకూడదు. బొమ్మంతటి మీదా గోరుమందం రాయి మిగల్చాలి. దాన్ని మేం తోలు అంటాం. తోలు అయ్యగారిది. చివరి వారాల్లో ఆయన ఉతికిన చొక్కా వేసుకుని వచ్చి, ఆ తోలు తీసి, లోపలి చెంపనీ పెదవినీ బయటపెట్టి పేరు చెక్కుకుంటాడు. ఈ గోరుమందం వల్లే ఆ బొమ్మ ఆయనది. మిగతా అడుగున్నర లోతూ ఎవడిదో కూలివాడిది. న్యాయమో అన్యాయమో, ఆ గోరుమందమైనా ఆయనే చెయ్యాలి కదా. అంతవరకు మేమూ ఒప్పుకున్నాం.

మా అయ్యగారు ఆదెమార్ వల్‌క్రోజ్. బిషప్పుల సమాధులు, మంత్రుల తలలు, బ్యాంకుల మెట్ల మీద పడుకునే ఆడబొమ్మలు. వొజిరార్ వీధిలో ఆయన కార్ఖానా, పన్నెండు మందిమి. చెడ్డవాడు కాదు. ఎవరైనా జబ్బు పడితే సగం కూలి ఇంటికి పంపేవాడు. మంచి చెయ్యే ఒకప్పుడు. ఆయన తోలు తీస్తుంటే మేం పని ఆపి చూసేవాళ్లం.

సిల్వేన్ మాత్రం క్రూజ్ ప్రాంతపు తాపీవాళ్ల పిల్లాడు. అక్కడి మగవాళ్లంతా మార్చి నెలలో పారిస్‌కి కాలినడకన వచ్చి, గోడలు కట్టి, చలికాలానికి ఇంటికి పోతారు. పద్నాలుగేళ్లకి తండ్రి వెంట నడిచొచ్చాడు. సున్నం మోశాడు, రాళ్లు మోశాడు. మేడల మీద అలంకారాల ఆకులూ సింహం తలలూ చెక్కేవాళ్లని చూసి, వాళ్ల పక్కన చేరి, ఉచిత బొమ్మల బడికి వెళ్లి, ఇరవై ఎనిమిదేళ్లకి మా దగ్గరికి వచ్చాడు. వచ్చిన మొదటి రోజే ఇపొలిత్ చెక్కుతున్న బిషప్పు చెయ్యి చూసి, "ఈయన ఉంగరం అద్దెకి తెచ్చుకున్నట్టున్నాడు, వేలికి పట్టలేదు" అన్నాడు. ఇపొలిత్ రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు ఉంగరం సరిచేశాడు.

వల్‌క్రోజ్ చెయ్యి వణకడం పద్దెనిమిది వందల అరవై తొమ్మిదిలో మొదలైంది. మొదట కాఫీ గిన్నె చప్పుడైంది. తర్వాత ఉలి. ఒక మంత్రిగారి భార్య తల, చెవి తమ్మె దగ్గర ఆయన ఉలి జారి గీత పడింది. ఆయన ఆ గీతని చాలాసేపు చూశాడు. సిల్వేన్‌ని లోపలి గదిలోకి పిలిచి తలుపేశాడు. ఆ తర్వాత పదిహేను రోజులు ఆ గదిలో ఉలి చప్పుడు వినిపిస్తూనే ఉంది. అయ్యగారు బయటికొచ్చినప్పుడల్లా చొక్కా నిండా రాయి దుమ్ము. మేం నోరు మూసుకున్నాం గానీ, అందరికీ తెలుసు. పని చేసినవాడికి దుమ్ము మోచేతుల మీదా, మెడ మడతల్లోనూ, కనుబొమల్లోనూ ఉంటుంది. అయ్యగారికి చొక్కా ముందు వైపు మాత్రమే ఉండేది. గుప్పెడు తీసుకుని చల్లుకునేవాడు.

ఆ తల చూసి పత్రికలు 'వల్‌క్రోజ్ చివరి శైలి' అన్నాయి. ముఖంలో ఇదివరకు లేని ఏదో అలజడి వచ్చిందన్నాయి. మనిషి ఇప్పుడే తల తిప్పబోతున్నట్టుందన్నాయి. అవును, కూర్చోలేనివాడు చెక్కితే బొమ్మ కూడా కూర్చోదు మరి.

సిల్వేన్ ఎందుకు ఒప్పుకున్నాడని అడిగితే, మొదట్లో గర్వం. తోలు లోపలికి వెళ్లాలని ఏళ్ల తరబడి చేతులు పీకేవి. తర్వాత, డెబ్బై ఒకటి.

ఆ మే నెల సంగతి ఇక్కడ విస్తరించను. పారిస్ కూలివాళ్లు డెబ్బై రెండు రోజులు తమ నగరాన్ని తామే ఏలుకున్నారు, తర్వాత సైన్యం వచ్చింది. సిల్వేన్ అడ్డుగోడల మీద తుపాకీ పట్టినవాడే. సైన్యం వచ్చిన నాలుగో రోజు తుపాకీమందు నలుపు అరచేతులతో కార్ఖానా వెనక గోడ దూకి వచ్చాడు. వీధిలో సైనికులు మగవాళ్ల చేతులు తిప్పి చూసి, నల్లగా ఉన్నవాళ్లని గోడకి నిలబెడుతున్నారు. మా తలుపు కొట్టారు. అప్పుడు వల్‌క్రోజే సిల్వేన్ రెండు చేతులూ పట్టుకుని, నేను కలిపిన ప్లాస్టర్ తొట్టిలో మోచేతుల దాకా ముంచేశాడు. "ఇది నా చెక్కేవాడు. నెలన్నర నుంచి ఈ గుమ్మం దాటలేదు. ప్లాస్టర్ గడ్డకడుతోంది, చూసింది చాలు" అన్నాడు ఆఫీసరుతో. చెయ్యి వణికింది, గొంతు వణకలేదు. ఆ మేలు మేలే. నేను కాదనను, సిల్వేన్ కూడా ఎన్నడూ కాదనలేదు. ఆ తర్వాత అయిదేళ్లు ఏ తోలు తీయమంటే ఆ తోలు తీశాడు, పేరెత్తకుండా.

అయితే ఆదివారాలు మాత్రం తనవి. నల్లచార పడిందని బిషప్పు సమాధికి పనికిరాని దిమ్మ ఒకటి ఉంటే, అయ్యగారే "తీసుకుపో" అన్నాడు. యులాలీ చావడి వెనక పాకలో దాన్ని నిలబెట్టుకుని రెండున్నరేళ్లు చెక్కాడు. కొలత పరికరం లేదు, నేను పోసిన ప్లాస్టర్ లేదు. మార్చి నెలలో మగవాళ్లు బయల్దేరే పొద్దున గుమ్మంలో నిలబడ్డ క్రూజ్ ఆడమనిషి. చేతులు రెండూ ఏప్రన్‌లో చుట్టేసుకుని ఉంటుంది. ఊపడానికి బయటికి తియ్యదు. తీస్తే ఆపేస్తుందేమో అన్నట్టు. రాతిలోని నల్లచార సరిగ్గా ఆ ఏప్రన్ మీదుగా పోతుంది, ఉతికి ఉతికి మిగిలిన మరకలాగా.

నిలబడింది యులాలీయే, తిడుతూ.

"క్రూజ్ ఆడవాళ్లకి నడుము నొప్పి రాదా? ఎంతసేపు?"

"ఇంకొంచెం."

"నీ ఇంకొంచెం నాకు తెలుసు. ఇంతకీ నన్ను చెక్కుతున్నావా, మీ అమ్మనా?"

"ఇద్దర్నీ."

"అయితే సగం సేపే నిలబడతా. మిగతా సగం మీ అమ్మని పిలు."

డెబ్బై ఆరులో దాన్ని ఆ ఏటి పెద్ద ప్రదర్శనకి పంపాడు. బండి మీదికి ఎక్కించడానికి పన్నెండు మందిమీ వెళ్లాం. పంపేటప్పుడు నింపే కాగితంలో ఒక గడి ఉంటుంది: ఎవరి శిష్యుడు? ప్రతివాడూ ఎవరో ఒకరి శిష్యుడై తీరాలి, అది అక్కడి పద్ధతి. ప్రదర్శన పుస్తకంలో పేరు పక్కనే అచ్చవుతుంది. సిల్వేన్ ఆలోచించకుండా వల్‌క్రోజ్ అని రాశాడు. వల్‌క్రోజ్ ఆ ఏడు న్యాయనిర్ణేతల్లో ఒకరు కూడా. మంచిదే అనుకున్నాం.

మూడు వారాలకి బొమ్మ తిరిగొచ్చింది. కారణం రాయరు. కానీ లోపల బొమ్మలు మోసే హమాలీ ఒకడు క్రూజ్ వాడే. శనివారం సారా దుకాణానికి వచ్చి సిల్వేన్ భుజం మీద చెయ్యేశాడు.

"చెప్పనా వద్దా?"

"చెప్పు."

"ఒకాయన దాని చుట్టూ తిరిగి, 'అచ్చం మన వల్‌క్రోజ్ చివరి శైలి. పాపం, పనివాడు అయ్యగారి చేతిని దొంగిలించాడు' అన్నాడు. అందరూ నవ్వారు. చేతులెత్తమంటే ఒక్కడూ ఎత్తలేదు."

"మా అయ్యగారు?"

"ముక్కు చీదుకున్నారు."

సిల్వేన్ కూర్చోలేదు సరే, ఆ రోజు నడవనూ లేదు. బల్లకి ఆనుకుని నిలబడి, గోళ్ల కింద తెల్లదుమ్ముని చూసుకుంటూ ఉండిపోయాడు. తన చేతిని తానే దొంగిలించాడట.

సోమవారం పొద్దున అందరి ముందే అడిగాడు. "అయ్యగారూ, ఒక్క మాట రాసివ్వండి. ఆ శైలి ఎవరిదో రాయండి. వచ్చే ఏడు నా బొమ్మ నా పేరున నిలబడాలి. అంతకుమించి నాకేమీ వద్దు."

వల్‌క్రోజ్ అతని వైపు తిరిగాడు. "రాస్తే ఏమవుతుందో తెలుసా? కోర్టు భవనానికి న్యాయదేవత బొమ్మ మనకి వచ్చింది. అది పోతుంది. ఆ తర్వాత ఏదీ రాదు. ఈ పన్నెండు మందినీ నువ్వు పోషిస్తావా?"

"నేను చెక్కుతాను, వాళ్లూ చెక్కుతారు. ఇప్పుడు పోషిస్తున్నదీ అదే కదండీ."

"నీ చేతులు ఆ తొట్టిలో ముంచింది ఎవరు, సిల్వేన్?"

"మీరే. అవి లేకపోతే మీకు గడవదని మీకప్పటికే తెలుసు. అయినా మేలే, మర్చిపోలేదు. అయిదేళ్లయింది అయ్యగారూ, ఇంకెన్నేళ్లు?"

ఆయన లోపలికెళ్లి తలుపేసుకున్నాడు. అప్పుడు మేం ఏం చేశామో రాయడానికి నాకు సిగ్గుగా ఉంది. రాయకపోతే మాత్రం ఇది రాయడమే దండగ. మేమందరం సిల్వేన్ మీద పడ్డాం.

"నీ పేరు కోసం నా అయిదుగురు పిల్లల రొట్టె లాక్కుంటావా?" అని అరిచాడు ఇపొలిత్. "పేరు తింటావా? యులాలీ పేరు వండుతుందా?"

"అది కాదన్నా..."

"అన్నా లేదు, గిన్నా లేదు. అందరం పేరు లేకుండానే చెక్కాం. మా నాన్న చెక్కాడు, ఆయన నాన్న చెక్కాడు. నీకొక్కడికే ఎందుకు దురద?"

నేనూ అన్నాను, "క్లోవిస్ మాట విను, ఈ ఒక్క న్యాయదేవత వెళ్లనీ, తర్వాత చూద్దాం" అని. ఈ 'తర్వాత' అనే మాట పనివాడి నోట్లో యజమాని పెట్టిన మాట. అప్పుడు నాకు తెలీదు.

సిల్వేన్ న్యాయదేవత దిమ్మ దగ్గరికెళ్లి బర్మా తీసుకున్నాడు. వేసవంతా అంత చురుగ్గా పనిచెయ్యడం నేను చూడలేదు. అక్టోబరు నాటికి తొమ్మిదడుగుల ఆడమనిషి రాతిలోంచి లేచి నిలబడింది. ఒంటినిండా గోరుమందం తోలు. అక్కడికొచ్చి సిల్వేన్ ఉలి తుడిచి పెట్టెలో పెట్టాడు.

"లోపలికి తోయించనా?" అన్నాడు వల్‌క్రోజ్, తలుపేసి చేయించే గది వైపు చూస్తూ.

"ఎందుకండీ? నా పని అయిపోయింది."

"తోలు?"

"తోలు మీది కదండీ. ఏడేళ్లుగా ఆచారం తప్పాను, తప్పు నాదే. ఇకనించి ఆచారం ప్రకారమే."

పని మానలేదు. అదే చిత్రం. రోజూ ఏడింటికల్లా వచ్చేవాడు. వేరే దిమ్మలకి చుక్కలు పెట్టమంటే పెట్టేవాడు, ఊడ్వమంటే ఊడ్చేవాడు. పంపించేయడానికి ఒక్క కారణం దొరకనివ్వలేదు. చెక్కేవాడు ఎంత చెయ్యాలో సరిగ్గా అంతే చేశాడు, అంతే. మిగిలిన సమయమంతా న్యాయదేవత చుట్టూ నడిచేవాడు. ఆ అడుగుల చప్పుడుకి అయ్యగారు గదిలోంచి తల బయటపెట్టి, చూసి, మళ్లీ లోపలికి తీసుకునేవాడు.

మొదటి వారం ఆయన బయటినుంచి ఒక చెక్కేవాణ్ణి తెచ్చాడు. వాడు మంచి పనివాడే. ఎడమ చేతి మీద తోలు తీశాడు. నున్నగా, గుండ్రంగా, మిఠాయి దుకాణంలో చక్కెర బొమ్మలాగా వచ్చింది. వల్‌క్రోజ్ అది చూసి మొహం తిప్పుకున్నాడు. అది ఆయన శైలి కాదని ఆయనకి తెలిసిపోయింది. తన చేతిని తానే వేరేచోట వెతుక్కోవాల్సి రావడం చిన్న శిక్ష కాదు.

రెండో వారం ఇపొలిత్‌ని పిలిచాడు. "నువ్వు చెయ్యగలవు, కూలి రెట్టింపు." ఇపొలిత్ ఉలి తీసుకున్నాడు. పరంజా ఎక్కాడు. న్యాయదేవత ముఖానికి ఎదురుగా నిలబడి చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. కింద సిల్వేన్ నడుస్తూనే ఉన్నాడు, తల కూడా ఎత్తలేదు. ఇపొలిత్ దిగొచ్చి ఉలి అయ్యగారి చేతిలో పెట్టాడు.

"నాకు రాదండీ."

వచ్చు. ఇపొలిత్‌కి బిషప్పు చేతి నరాలు చెక్కడం వచ్చు. అయిదుగురు పిల్లలున్నవాడు "నాకు రాదు" అనడానికి ఎంత పొగరు కావాలో ఆలోచించండి. అప్పటికి నా బుర్రలో కూడా ఏదో కదిలింది.

నవంబరులో ప్రభుత్వం తరఫున తనిఖీ అధికారి వచ్చాడు. పొట్టి మనిషి, బూట్ల మీద రబ్బరు తొడుగులు, చేతిలో కాగితాల సంచి. న్యాయదేవతని కింద నుంచి పైకి చూశాడు.

"ఈవిడకి పళ్ల నొప్పా? ముఖం వాచినట్టుందేమిటి?"

"ఇంకా పూర్తి కాలేదు, మొస్యే" అన్నాడు వల్‌క్రోజ్.

"అయితే పూర్తి చెయ్యండి. పదిహేనో తేదీకి రైలెక్కాలి. నేను చూస్తూ ఉంటాను. గొప్పవాళ్లు పనిచేస్తుంటే చూసే భాగ్యం మాకెప్పుడు దొరుకుతుంది!"

వెటకారమో భక్తో తెలీలేదు. కుర్చీ తెప్పించుకుని కూర్చున్నాడు. పన్నెండు మందిమీ చేతిలో పని చేతిలోనే ఉంచుకుని నిలబడిపోయాం. వల్‌క్రోజ్ కోటు విప్పాడు. అరవై ఆరేళ్ల మనిషి పరంజా ఎక్కుతుంటే ఒక్కో మెట్టూ కిర్రుమంది. ఉలిని న్యాయదేవత చెంప మీద ఆనించాడు. ఆనిన చోట అది చిన్నగా టకటకమని కొట్టుకుంటోంది, పళ్లు వణికినట్టు. సుత్తి ఎత్తాడు.

సిల్వేన్ నడక ఆగింది.

ఇప్పుడు ఆ ముసలాయన కొడితే న్యాయదేవత బుగ్గ పగులుతుంది, సిల్వేన్ గెలుస్తాడు. ఊరుకుంటే చాలు. నేను అతని ముఖమే చూస్తున్నాను. పెదాలు కదిలాయి. వేసవంతా తను రంధ్రం రంధ్రం కొలిచిన ముఖం అది.

"అయ్యగారూ, ఉలి నిలువుగా ఉంది. పడుకోబెట్టండి. అలా కొడితే కంటిదాకా పోతుంది" అన్నాడు.

సుత్తి గాలిలోనే ఆగిపోయింది. వల్‌క్రోజ్ దాన్ని మెల్లగా దించాడు. వెనక్కి తిరిగి, అంత ఎత్తునుంచి మమ్మల్నందర్నీ చూశాడు. ఆయన ముఖంలో కోపం లేదు. అలసట ఉంది, ఏడేళ్ల అలసట.

"మొస్యే, ఇది నేను చెయ్యలేను. ఏడేళ్లుగా చెయ్యలేదు. చేస్తున్నది ఆ కింద నిలబడ్డ మనిషి. పేరు సిల్వేన్ తిసియే."

అధికారి సంచిలో కాగితాలు సర్దుకుని, కిటికీలోంచి ఆకాశం చూశాడు.

"వర్షం వచ్చేట్టుంది" అన్నాడు. "నేనేమీ వినలేదు. పదిహేనో తేదీకి బొమ్మ స్టేషన్లో ఉండాలి. ఎవరి చెయ్యి అనేది నా కాగితంలో గడి లేదు."

వెళ్లిపోయాడు. మేం ఆరు నెలలు భయపడ్డ పిడుగు ఇది. పడలేదు. ప్రభుత్వానికి నిజం తెలిసినా నష్టం లేదు, చెవుల్లో దూది పెట్టుకోవడం దానికి అలవాటే. పన్నెండు పొయ్యిలు ఆరిపోతాయని మమ్మల్ని బెదిరించింది అయ్యగారూ కాదు, అధికారీ కాదు. మా భయమే. దానికి జీతం కూడా మేమే ఇచ్చుకున్నాం.

ఆ రోజే వల్‌క్రోజ్ నిర్ణేతలకి ఉత్తరం రాసిచ్చాడు. వణుకుడు అక్షరాలు, అయినా చదవగలిగాం. సిల్వేన్ దాన్ని రెండుసార్లు చదివి, జేబులో పెట్టుకుని, పరంజా ఎక్కాడు. ఈసారి గది తలుపు వెయ్యలేదు. పట్టపగలు, అందరి ముందు, న్యాయదేవత తోలు తీశాడు. ఆ నున్నటి ఎడమ చేతిని మాత్రం అలాగే వదిలేశాడు. "అది చేసినవాడి పని అది. నేనెందుకు ముట్టుకోవాలి?" అన్నాడు.

మరుసటేడు వసంతంలో సిల్వేన్ క్రూజ్ ఆడమనిషి బొమ్మ మళ్లీ బండెక్కింది. ఉత్తరం కూడా జతచేశాడు. కాగితంలో 'ఎవరి శిష్యుడు' అనే గడిలో ఈసారి అడ్డంగా ఒక గీత గీశాడు. బొమ్మని తీసుకున్నారు. ఉత్తరం గురించి ఒక్క మాట లేదు. ప్రదర్శన తోటలో చివర, గొడుగులు అప్పగించే చోటు పక్కన నిలబెట్టారు. ఫరవాలేదన్నాడు సిల్వేన్. గొడుగు కోసమైనా అందరూ అక్కడికి రావాలి కదా.

మొదటి ఆదివారం ప్రవేశం ఉచితం. అందరం ఉతికిన బట్టలు కట్టుకుని వెళ్లాం. ఇపొలిత్ పిల్లలు అయిదుగురూ వచ్చారు. గుమ్మం దగ్గర ప్రదర్శన పుస్తకం కొని, నేనే పేజీ తీసి గట్టిగా చదివాను. "తిసియే, సిల్వేన్. పుట్టింది క్రూజ్‌లో. వల్‌క్రోజ్ శిష్యుడు. బయల్దేరే పొద్దు, పాలరాయి."

యులాలీ పుస్తకం లాక్కుంది. "గీత గీశానన్నావుగా?"

"గీశాను."

"మరి ఇదేంటి?"

గుమాస్తాని అడిగితే, ఎవరికీ శిష్యుడు కానివాడు పుస్తకంలో ఉండడానికి వీల్లేదనీ, ఖాళీ ఉంటే తామే నింపుతామనీ, పోయినేటి కాగితం చూసి నింపామనీ, అచ్చయిపోయాక చేసేదేమీ లేదనీ చెప్పాడు. మర్యాదగానే చెప్పాడు.

సిల్వేన్ బొమ్మ చుట్టూ రెండుసార్లు తిరిగాడు. తర్వాత నా జేబులోంచి పెన్సిలు తీసుకున్నాడు. గొడుగు ఇస్తున్న ఒకాయన దగ్గరికెళ్లి టోపీ తీసి, "మొస్యే, మీ పుస్తకం ఒక్క నిమిషం. చిన్న అచ్చుతప్పు" అన్నాడు. పేజీ తిప్పి, ఆ రెండు మాటల మీద గీత కొట్టి, వందనం చేసి ఇచ్చేశాడు. ఆయన వెళ్లేలోపు ఇంకొకరు. సాయంత్రానికి డెబ్బై పుస్తకాలో ఎన్నో. కొందరు నవ్వారు, ఒకావిడ పిచ్చివాడనుకుని పుస్తకం గుండెలకి హత్తుకుంది. ఒకాయన మాత్రం కారణం అడిగి, విని, బొమ్మ దగ్గరికెళ్లి ఆ ఏప్రన్ ముందు చాలాసేపు నిలబడ్డాడు.

రెండో ఆదివారం కాపలావాడు అతని జేబులు తడిమి పెన్సిలు లాక్కున్నాడు. మధ్యాహ్నానికి మెడపట్టి బయటికి పంపించారు, మళ్లీ కనిపిస్తే పోలీసులకి అప్పగిస్తామన్నారు.

మూడో ఆదివారం యులాలీ వెళ్లింది. ఆడమనిషి జేబులు తడమడానికి కాపలావాడికి ధైర్యం చాల్లేదు. నాలుగో ఆదివారం నేను వెళ్లాను. భయపడుతూనే ఇరవై పుస్తకాలు దిద్దాను.

అయిదో ఆదివారం ఇపొలిత్ వంతు. పెన్సిలు చెవి మీద పెట్టుకుని నేరుగా నడిచి వెళ్లాడు. కాసేపటికి దూరం నుంచి చూస్తే, ఒక పెద్దింటి ఆవిడ పుస్తకం తెరిచి పట్టుకుని ఉంది, ఇపొలిత్ పేజీ మీద వేలు అటూ ఇటూ తిప్పుతూ చెమటలు కక్కుతున్నాడు. అప్పుడు గుర్తొచ్చింది నాకు, వాడికి చదవడం రాదు. పరుగెత్తబోయాను.

"అమ్మా, నాకు అక్షరం ముక్క రాదు" అంటున్నాడు వాడు, బొమ్మ వైపు చూపిస్తూ. "ఇదిగో, దీన్ని చెక్కింది ఎవరి శిష్యుడూ కాదు, మా సిల్వేన్. ఆ అబద్ధం ఎక్కడుందో చూసి, మీరే కొట్టెయ్యండి."

ఆవిడ బొమ్మని చూసింది, వాణ్ణి చూసింది. చేతి తొడుగు విప్పి, పెన్సిలు తీసుకుంది.